చెవికి తెలుగు, కంటికి ఒడియా: సరిహద్దు దుకాణానికి ఆన్‌లైన్‌లో ఏం రాయాలి, ఎక్కడ పెట్టాలి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గునుపురం, రాయగడ, జయపురం వైపు చిన్న వ్యాపారం చేసుకునే తెలుగువాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది, ‘ఇన్‌స్టాలో పెట్టాలా, వాట్సాప్ స్టేటస్ చాలా?’ అని. దానికి జవాబు కింద చెప్తాను. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. మీ కస్టమర్ ఏ భాషలో వింటాడు, ఏ లిపిలో చదువుతాడు? విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉండి సలహాలిచ్చేవాళ్లకు ఈ ప్రశ్న తట్టదు. మన దగ్గర చాలా ఇళ్లలో వినే భాష వేరు, చదివే లిపి వేరు.

ఇప్పటి గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోవి. ఆ తర్వాతి తరాల్లో చాలామంది చదివింది ఒడియా మీడియంలో, ఈమధ్య ఇంగ్లిష్ మీడియంలో. ఇంట్లో అమ్మతోనూ బజారులో బేరానికీ తెలుగే. ఫోన్‌లో తెలుగు అక్షరాలు కనిపిస్తే మాత్రం కూడబలుక్కోవాలి, అంత ఓపిక లేకపోతే వేలితో పైకి తోసేయాలి. అదే పోస్టు ఆంధ్రా వైపున్న ఇచ్ఛాపురం, సోంపేట వాళ్లకు చేరితే ఇట్టే చదివేస్తారు. వాళ్లకు రానిది ఒడియా లిపి. ఒకే దుకాణం గడప తొక్కే మనుషులే వీళ్లంతా.

ఏ లిపిలో రాయాలి

తెలుగు లిపిలో రాస్తే సరిహద్దుకు అవతలివాళ్లకూ, ఇక్కడ తెలుగు బడిలో చదువుకున్న పెద్దవాళ్లకూ అందుతుంది. పాతపట్నం నుంచి పర్లాకిమిడికి బజారు చేయడానికి వచ్చేవాళ్లు, పార్వతీపురం వైపు నుంచి రాయగడ మజ్జిగౌరమ్మ దర్శనానికి వచ్చేవాళ్లు మీ ప్రధాన కస్టమర్లయితే ఇంకో ఆలోచన అక్కర్లేదు, తెలుగు లిపే.

ఒడియా లిపిలో రాస్తే ఒడియా వాళ్లతోపాటు ఒడియా చదువుకున్న మన తెలుగు పిల్లలకూ చేరుతుంది. ఇది చాలామంది తెలుగు వ్యాపారులు మర్చిపోయే సంగతి. ‘మనవాళ్లకే కదా’ అని తెలుగులో పోస్టర్ వేయిస్తారు, ఆ మనవాళ్ల కొడుకులూ కోడళ్లూ దాన్ని చదవలేరు. ఊళ్లో కస్టమర్లే ఎక్కువైన కిరాణా, టైలరింగ్, ట్యూషన్, మందుల షాపు లాంటివాటికి నేను ఒడియా లిపికే ఓటేస్తాను. గూగుల్ అనువాదంతో మాత్రం సరిపెట్టుకోకండి. పక్క షాపులో ఒడియా బాగా వచ్చిన మనిషికి చూపించి, ఆయన సరేనన్నాకే పెట్టండి.

ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయడం మూడో దారి. కుర్రాళ్లు చాటింగ్ చేసుకునేది అలాగే కాబట్టి వాట్సాప్ జవాబులకు బాగానే పనికొస్తుంది. పోస్టర్ మీద మాత్రం చవకబారుగా కనిపిస్తుంది, పొడుగు మాటలు ఒక పట్టాన అర్థం కావు. రెండు లైన్లు దాటకుండా ఉంటే మంచిది.

నాలుగోది నోటిమాట. మా సరిహద్దులో అన్నిటికన్నా బలమైనది ఇదేనని నా అభిప్రాయం. వీడియోలో మీరే తెలుగులో మాట్లాడండి, తెర మీద పేరు, కొలత లాంటి ముక్కలు ఒడియా లిపిలో వేయండి, ధర మామూలు అంకెల్లో ఉంచండి. తెలుగు విని అర్థం చేసుకుని ఒడియా చదివేవాళ్లకు రెండూ అందుతాయి, ఇచ్ఛాపురం వాళ్లకు మాటా ధరా అందుతాయి. మాట్లాడేటప్పుడు టీవీ యాంకర్ తెలుగు తెచ్చిపెట్టుకోవద్దు. రోజూ కౌంటర్ దగ్గర మాట్లాడే యాసే ఉంచండి. మన యాస వినగానే ‘ఇది మా ఊరి షాపే’ అని నమ్మకం కుదురుతుంది, ఆ నమ్మకం డబ్బులు పెట్టినా దొరకదు.

ఒకే పోస్టర్‌లో తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ మూడూ ఇరికిస్తే మూడూ పోతాయి. అరచేతంత ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. తెలుగుకొకటి, ఒడియాకొకటి విడిగా చేయించి, స్టేటస్‌లో ఒకదాని వెనక ఒకటి పెట్టండి.

పొగడ్త పోస్టా, వివరం పోస్టా

వాడుక భాషలో రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి మాస్టారుగా పనిచేసింది పర్లాకిమిడిలోనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్లో దుకాణం పోస్టర్ మీద ‘వినియోగదారులకు సువర్ణావకాశం, నేడే విచ్చేయండి’ అని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

బరంపురం పట్టు చీరలమ్మే దుకాణాన్ని తీసుకుందాం. ఎక్కువగా కనిపించే పోస్టు ఇలా ఉంటుంది:

‘తరతరాల చేనేత సౌరభం, మీ అందానికి రాజసం. నాణ్యతే మా నినాదం. ధర కోసం మెసేజ్ చేయండి.’

ఇందులో చీర గురించి ఒక్క ముక్కా లేదు. షాపు పేరు మార్చేస్తే ధర్మవరానికీ సరిపోతుంది, కంచికీ సరిపోతుంది. అదే చీరకు నేనైతే ఇలా రాస్తాను:

‘బరంపురం పట్టు, చేమగ్గం మీద నేసింది. అంచులో గుడి గోపురాల్లా కనిపించే కుంభాలు నేతలోనే వచ్చాయి, అచ్చు వేసినవి కావు. చీర ఐదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు. సిల్క్ మార్క్ లేబుల్ రెండో ఫోటోలో ఉంది. మొదటిసారి డ్రైక్లీనింగ్‌కే ఇవ్వండి. రూ. 9,800. ఆదివారం కూడా తీస్తాం, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూత.’

రెండోది రాయడానికి కవిత్వం రానక్కర్లేదు. కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టి, వచ్చినవాళ్లు అడిగేవన్నీ అడిగినట్టే రాసుకుంటూ పోండి. ‘ఏటండీ రేటు?’ ‘ఉతికితే రంగు పోద్దా?’ ‘జాకెట్టు ముక్క ఇందులోనేనా?’ ‘నచ్చకపోతే మారుస్తారా?’ ‘ఇచ్ఛాపురం పంపుతారా?’ ఒక్కో ప్రశ్నకు జవాబే ఒక్కో పోస్టు. నెలకు సరిపడా సరుకు ఆ నోట్‌బుక్‌లోనే ఉంటుంది.

ధర రాయాలా వద్దా అన్నది పెద్ద తగువు. ఎదురు షాపువాడు చూసి పది రూపాయలు తగ్గిస్తాడని భయం. ఆ భయం ఉత్తదేం కాదు, కానీ అతను ఎలాగూ ఎవరినో పంపి కనుక్కుంటాడు. ధర దాస్తే నష్టపోయేది మనమే, మెసేజ్ పెట్టడానికి మొహమాటపడేవాళ్లు అసలు రారు. సైజును బట్టి, పనిని బట్టి ధర మారే వ్యాపారాల్లో (ఫర్నిచర్, కేటరింగ్, బ్లౌజ్ వర్క్) ‘ఇంత నుంచి మొదలు’ అని రాసి, ఆ తక్కువ ధరకు ఏమేం వస్తాయో కూడా చెప్పండి. ఆ ధరకు సరుకే లేకుండా ఎర వేయడం మాత్రం కుదరదు. 2022లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాల్లో ఇలాంటి ఎర ప్రకటనల మీద విడిగా నిబంధన ఉంది.

ఎక్కడ పెట్టాలి

వాట్సాప్, గూగుల్ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి, ఎందుకంటే రెండూ ఉచితం, రెండూ చేసే పనులు పూర్తిగా వేరు. వాట్సాప్ పాత కస్టమర్‌ని మళ్లీ రప్పిస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లోని బిజినెస్ ప్రొఫైల్ మీరెవరో తెలియని మనిషిని గుమ్మం దాకా తెస్తుంది.

వాట్సాప్ స్టేటస్ 24 గంటలే ఉంటుంది. పైగా మీ నంబరు వాళ్ల ఫోన్‌లో, వాళ్ల నంబరు మీ ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే కనిపిస్తుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో (ఒకే మెసేజ్‌ని అందరికీ విడివిడిగా పంపే జాబితా) 256 మంది దాకా పెట్టొచ్చు, అక్కడా మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ వెళ్తుంది. కాబట్టి బిల్లు ఇచ్చేటప్పుడు ‘నంబరు సేవ్ చేసుకోండి, కొత్త సరుకు స్టేటస్‌లో పెడతాం’ అని ఒక్క మాట అనడం ఏ పోస్టర్ కన్నా ఎక్కువ పని చేస్తుంది. మామూలు వాట్సాప్ బదులు వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకోండి. అందులో కేటలాగ్ ఉంటుంది, అడిగిన ప్రతివాళ్లకూ ఫోటోలు వెతికి పంపే బాధ తప్పుతుంది. క్విక్ రిప్లైలు కూడా ఉంటాయి. ఏటవాలు గీత గుర్తు (/) కొట్టి చిన్న మాట టైప్ చేస్తే ముందే రాసిపెట్టుకున్న జవాబు మొత్తం వచ్చేస్తుంది. అడ్రసు, పని వేళలు, పార్సిల్ ఖర్చు, మార్పిడి షరతులు, వీటికి తెలుగులో ఒక జవాబు, ఒడియాలో ఒక జవాబు రాసిపెట్టుకుంటే షాపు రద్దీగా ఉన్నప్పుడు చాలా ఊపిరి ఆడుతుంది.

అడగని వాళ్లకు రోజుకు ఐదు మెసేజ్‌లు పంపితే బ్లాక్ చేస్తారు. అది వాళ్ల తప్పు కాదు.

గూగుల్ ప్రొఫైల్‌లో వ్యాపారం గురించి రాసుకోవడానికి 750 అక్షరాలు ఇస్తారు. అక్కడ ఆఫర్ల గోల పెట్టకూడదు, ఏం అమ్ముతారు, ఏది మీ ప్రత్యేకత, ఎన్నాళ్ల నుంచి, ఏ ఏ భాషలు మాట్లాడతారు అన్నవి రాయండి. ‘తెలుగు, ఒడియా మాట్లాడతాం’ అన్న మాట ఆంధ్రా నుంచి వచ్చేవాళ్లకు ఎంత ధైర్యమిస్తుందో చెప్పలేను. పేరు దగ్గర బోర్డు మీద ఉన్న పేరే ఉండాలి. ‘బెస్ట్ హోటల్ రాయగడ చీప్ భోజనం’ లాంటి తోకలు తగిలిస్తే ప్రొఫైల్ ఆగిపోయే ప్రమాదం ఉంది. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామనడం కూడా గూగుల్ నిబంధనలకు విరుద్ధం. అడగడం తప్పు కాదు, కొనడం తప్పు.

ఊరి పేరు దగ్గర మన వైపు ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. బరంపురమని వెతికితే బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లాలో ఇంకో బరంపురం వస్తుంది, రెండింటి ఇంగ్లిష్ స్పెల్లింగులూ దగ్గర దగ్గరే. జయపురం సంగతి మరీ ఘోరం, రాజస్థాన్ రాజధాని మధ్యలో దూరుతుంది. కాబట్టి ఎక్కడ ఊరి పేరు రాసినా వెంటనే జిల్లా పేరు రాయండి: గంజాం జిల్లా బరంపురం, కొరాపుట్ జిల్లా జయపురం. పిన్ కోడ్ కూడా. దూరం నుంచి ఆర్డరిచ్చేవాళ్లకూ, కొరియర్ వాళ్లకూ అదొక్కటే దిక్కు. పక్కనే అందరికీ తెలిసిన గుర్తు (బస్టాండ్, గుడి, సినిమా హాలు) చెప్పి, ఎటు తిరగాలో ఒక వాక్యం కలపండి.

ఇన్‌స్టాగ్రామ్ కంటికి ఇంపుగా ఉండే సరుక్కి బాగుంటుంది: చీరలు, కేకులు, మెహందీ, పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు. మిమ్మల్ని ఫాలో కానివాళ్లకు కూడా రీల్స్ కనిపిస్తాయి, దాని బలం అదే. కానీ పొలాలకు పంపు సెట్లు రిపేరు చేసేవాళ్లు రీల్స్ కోసం తంటాలు పడాల్సిన పని లేదు. క్యాప్షన్ 2,200 అక్షరాల దాకా రాయొచ్చు, కనిపించేది మాత్రం మొదటి లైనే, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అందుకే వస్తువు పేరు, ధర మొదటి లైన్లోనే ఉండాలి. క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కినా తెరుచుకోదు, ప్రొఫైల్‌లో పెట్టాలి. ఇంకొకటి, బిజినెస్ అకౌంటులో సినిమా పాట తగిలిస్తే కాపీరైటు దగ్గర వీడియో మూగబోవచ్చు. మగ్గం చప్పుడు, నూనెలో అప్పడం పొంగే చప్పుడు, మీ గొంతు చాలు.

ఫేస్‌బుక్ గురించి రెండు మాటలు. నడివయసు వాళ్లు, ఊరి గ్రూపులు ఇంకా అక్కడే ఉన్నారు. ఇల్లు అద్దె, పెళ్లి కేటరింగ్, కోచింగ్ లాంటివాటికి ఇన్‌స్టా కన్నా అదే నయం.

సొంత వెబ్‌సైటు ఇప్పుడే వద్దు. గూగుల్ ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లు 2024 మార్చిలో మూతపడ్డాయి. డబ్బు పెట్టి చేయించుకుంటే ఏటేటా డొమైన్, హోస్టింగ్ ఖర్చులు ఉంటాయి. వేరే రాష్ట్రాల నుంచి నెలనెలా పార్సిల్ ఆర్డర్లు వస్తుంటే అప్పుడు ఆలోచించండి.

డబ్బు పెట్టి బూస్ట్ చేయాలా

బూస్ట్ అంటే డబ్బు కట్టి పోస్టును ఎక్కువమందికి చూపించడం. అలా చేసేటప్పుడు మ్యాప్ మీద ఊరి చుట్టూ గుండ్రంగా గీత గీసే వీలుంటుంది. పర్లాకిమిడి చుట్టూ గీస్తే సగం ఆంధ్రాలో పడుతుంది, ఆ గుండ్రానికి రాష్ట్రాలతో సంబంధం లేదు. తెలుగు పోస్టయితే ఆంధ్రా వైపు ఊళ్లను ఎంచుకోండి, ఒడియా పోస్టయితే ఇటువైపు ఊళ్లను. ‘తెలుగు భాషవాళ్లకు మాత్రమే’ అన్న ఆప్షన్‌ని మన దగ్గర నమ్మలేం, ఫోన్ ఇంగ్లిష్‌లో వాడుకునే తెలుగువాళ్లు అందులోంచి జారిపోతారు. పెట్టే ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ కూడా లెక్కేసుకోండి. ముందు ఉచితంగా పెట్టి, ఏ పోస్టుకు ఫోన్లు వచ్చాయో చూసి దానికే డబ్బు పెట్టడం తెలివైన పని. లైకులు చూసి కాదు, ఫోన్లు చూసి.

పండగల దగ్గర మనకున్న సౌకర్యం వేరేవాళ్లకు లేదు. జూన్ నడుమ రజొ పండక్కి ఒడియా ఆడపిల్లలు కొత్తబట్టలు కట్టుకుంటారు, దానికి మే నెలాఖరు నుంచే ఒడియా పోస్టులు మొదలవ్వాలి. సంక్రాంతికీ ఉగాదికీ తెలుగు పోస్టులు. బరంపురంలో బుడి ఠాకురాణి జాతర రెండేళ్లకోసారి చైత్రంలో జరుగుతుంది. 2025లో అయింది, మళ్లీ 2027. ఆ నెలంతా ఊరు జనంతో కిక్కిరిసి ఉంటుంది, అప్పటికి గూగుల్ ప్రొఫైల్‌లో వేళలూ ఫోటోలూ తాజాగా లేకపోతే ఆ జనం పక్క షాపుకి పోతారు.

ఎవరు రాయాలి

దారులు మూడు: మీరే రాయడం, ఏజెన్సీకి ఇవ్వడం, చాట్‌జీపీటీ, జెమినై లాంటివాటితో రాయించడం. ఏజెన్సీ నెలకు ఇన్ని పోస్టులని ప్యాకేజీ చెప్తుంది. ఒప్పుకునే ముందు, వాళ్లు ఇంతకుముందు చేసిన పోస్టుల్లోంచి షాపు పేరు వేలితో మూసి చదవండి. ఏ షాపుకైనా సరిపోయేలా ఉంటే డబ్బు దండగ. డిజైన్‌కీ వీడియో కత్తిరింపుకీ వాళ్లను పెట్టుకుని, మాటలు మీరే ఇవ్వడం నాకు నచ్చిన పద్ధతి. పేజీల పాస్‌వర్డులూ, గూగుల్ ప్రొఫైల్ యాజమాన్యమూ మీ పేరు మీదే ఉండాలి. దీన్ని పట్టించుకోక, ఏజెన్సీతో చెడ్డాక సొంత పేజీలోకే వెళ్లలేకపోయినవాళ్లు ఉన్నారు.

ఏఐ తెలుగు గట్టిగా, బిగుసుకుపోయినట్టు ఉంటుంది. మీ సరుకు గురించి దానికి తెలియదు కాబట్టి తెలియని చోట కల్పించి రాస్తుంది. నోట్‌బుక్‌లోని ప్రశ్నలూ జవాబులూ మీరిచ్చి, తప్పులు దిద్దమనో పొట్టిగా చేయమనో అడిగితే మాత్రం మంచి గుమాస్తాలా పని చేస్తుంది.

ఎవరు రాసినా మూడు చోట్ల కలం ఆపాలి. తినే వస్తువుల మీద ‘చోళ్ల జావతో షుగర్ తగ్గిపోతుంది’ లాంటి వైద్యం మాటలు రాయకూడదు. ఆహార భద్రతా చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు జరిమానా పది లక్షల దాకా ఉంది, జబ్బులు నయం చేస్తామనే ప్రకటనల మీద 1954 నుంచే వేరే చట్టం ఉంది. ‘100 శాతం ప్యూర్’ లాంటివి వాడొద్దని ఆహార భద్రతా సంస్థ 2025లో చెప్పింది. ఆ సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) ఇచ్చే 14 అంకెల నంబరు రాస్తే ఆ పొగడ్తల కన్నా ఎక్కువ విలువ. రెండోది, బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, మరమగ్గం చీరకు ఆ పేరు పెట్టకండి. మూడోది, ‘ఆంధ్రాకు పార్సిల్ పంపుతాం’ అన్న చిన్న లైను. పన్ను పడే సరుకును రాష్ట్రం దాటించి అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలన్నది సాధారణ నియమం, చేతివృత్తుల వస్తువుల లాంటివాటికి షరతులతో మినహాయింపు ఉంది. ఆడిటర్‌ని అడిగాకే ఆ లైను రాయండి.

ఇక నేరుగా చెప్పాలంటే: రాయగడ స్టేషన్ దగ్గర భోజన హోటలైతే గూగుల్ ప్రొఫైల్, తెలుగు లిపిలో మెనూ ఫోటో, భోజనం ధర. అక్కడితో చాలు. బరంపురం చీరల షాపుకి ఇన్‌స్టాలో తెలుగు మాటల వీడియో, దాన్నే స్టేటస్‌లో. పర్లాకిమిడిలో ఇంట్లో అప్పడాలు, వడియాలు పెట్టి అమ్మే అక్కకి వాట్సాప్ బిజినెస్ కేటలాగ్, తెలుగులో ఒక వాయిస్ మెసేజ్, ఒడియాలో ఇంకొకటి. వర్షాకాలంలో ఎండ లేక సరుకు తగ్గుతుందని ముందే చెప్పి, వేసవిలోనే ఆర్డర్లు తీసుకోవాలి. రోజుకు అరగంట కూడా చిక్కని వాళ్లు ముందు గూగుల్ ప్రొఫైల్ పూర్తి చేసి, తర్వాత క్విక్ రిప్లైలు రాసుకోండి. రీల్స్ సంగతి సంక్రాంతి రద్దీ అయ్యాక చూసుకోవచ్చు.